మసక వెలుతురులో పీప్ సైట్

కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు నారిని పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు కంటికి కాస్త ముందుగా, నారి పోగుల మధ్య బిగించిన చిన్న చిల్లొకటి ఉంటుంది. అదే పీప్ సైట్. అందులోంచి చూస్తే విల్లుకు అమర్చిన సైటు, అంటే గురి చూసే సాధనం, తాలూకు గుండ్రటి చట్రం కనిపిస్తుంది. చిల్లు నడిమధ్యన చట్రం కూర్చుందా లేదా, అదీ లెక్క. పీప్‌కూ సైటుకూ మధ్య 90 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఇండోర్ పోటీల్లో లక్ష్యం 18 మీటర్లు, అంటే 20 రెట్ల దూరం. చూపు పీప్ కేంద్రం నుంచి 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే బాణం దాదాపు 2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. కాంపౌండ్ విలుకాళ్లకు 10 పాయింట్లిచ్చే వలయం వ్యాసమే 2 సెంటీమీటర్లు!

మంచి వెలుతురులో ఇది పెద్ద కష్టం కాదు. చిల్లుకూ చట్రానికీ మధ్య కనిపించే సన్నటి వెలుగు పట్టీ ఒక పక్క పలచబడితే కన్ను ఇట్టే పసిగడుతుంది. హాల్లో దీపాలు మసగ్గా ఉంటే మాత్రం చిక్కే. ఎండలో 2, 3 మిల్లీమీటర్లుండే కనుపాప మసకలో 6 దాకా విచ్చుకుంటుంది. దాంతో దగ్గరవీ దూరానివీ కలిపి స్పష్టంగా చూసే వీలు తగ్గి, పీప్ అంచు పొగలా అలుక్కుపోతుంది.

చిన్న పీప్ వాడితే అంచు తేటపడుతుంది గానీ చీకటి కమ్ముతుంది. అంగుళంలో ఎనిమిదో వంతు చిల్లంటే 3.2 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల కనుపాప ముందు దాన్ని పెడితే లోపలికొచ్చే వెలుగు మూడో వంతు కూడా ఉండదు. పావంగుళం చిల్లయితే కనుపాపకు అడ్డురాదు. అంతకన్నా పెద్దదైతే వెలుగేమీ పెరగదు, గురి తప్పే చోటు పెరుగుతుంది.

చాలామంది మొదట చేసేది సైటు పిన్ను, అంటే చట్రం మధ్య ఉండే గురి చుక్క, వెలుగును పెంచడం. నా లెక్కన అది తిరకాసు పని. పిన్ను మెరుపు చుట్టూ పరుచుకుని, చూడాల్సిన చట్రపు వలయాన్నే మింగేస్తుంది. పిన్ను వెలుగు తగ్గించి, చట్రం అంచుకు లేతరంగు వేయడం మేలు.

నారి కాస్త మెలి తిరిగినా గుండ్రటి చిల్లు కోలగా మారి వెలుగు ఇంకా తగ్గుతుంది. మసకలో ఈ తేడా తెలియదు కాబట్టి వెలుతురులోనే చూసుకోవాలి. పీప్ ఎత్తు సంగతి తేల్చుకోవడానికి కళ్లు మూసుకుని నారి లాగి, చెయ్యి దవడ దగ్గర ఎప్పటిచోట ఆనాక కళ్లు తెరవాలి. చిల్లు ఎదురుగా లేక మెడ సాచి వెతుక్కోవాల్సి వస్తే, జరపాల్సింది పీప్‌నే.