మైదానం తగ్గేకొద్దీ ఆటలు మారాయి: డ్రిల్ సారు అభ్యంతరం వెనక కథ

తిరుపతి శివారులోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో మైదానం గొడవ మళ్లీ మొదలైంది. కంప్యూటర్ గది కోసం మిగిలిన మైదానంలో ముగ్గు పోశారు. డ్రిల్ సారు ఒప్పుకోనన్నారు, తల్లిదండ్రులు ఆయన వైపు నిలబడ్డారు.

అథ్లెటిక్స్, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, ఖోఖో, కబడ్డీ అన్నీ నేర్పారని ఆయన్ను ఆల్‌రౌండర్ అంటారు. నిజమే. కానీ ఇన్ని ఆటలు ఆయన ఇష్టపడి మార్చినవి కావు. వచ్చిన కొత్తలో ట్రాక్ గీసేంత చోటుండేది. నీళ్ల ట్యాంకు, సైకిల్ షెడ్డు వచ్చి పరుగు పోయింది. ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్ మిగిలాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 2021-22లో 250 మీటర్ల లోపు హైస్కూళ్లకు ప్రాథమిక బడుల 3, 4, 5 తరగతులను తెచ్చారు. మరుసటి ఏడాది ఆ దూరాన్ని కిలోమీటరు చేశారు. 2022 జూన్‌లో ఈ తరగతుల మార్పుకు తగ్గట్టు టీచర్లను సర్దుబాటు చేసే ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 117 వచ్చింది. పిల్లలొచ్చారు, గదులు లేవు. అదనపు గదులు మంజూరయ్యాయి. గదులు అక్కర్లేదని సారు అప్పుడూ అనలేదు. ప్రహరీ పక్కన కంపచెట్లు కొట్టేసి కట్టమన్నారు. అక్కడ పల్లం, లారీ తిరగదు, ఖర్చు పెరుగుతుంది అన్నది అధికారుల జవాబు. గదులు లేటైతే పిల్లలను వరండాల్లో కూర్చోబెట్టాలన్న వాళ్ల మాటా అబద్ధం కాదు. చివరికి పునాది ఖోఖో కోర్టులోనే పడింది.

ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. కాస్త జరిపి వేసుకోవడానికి ఇంకెక్కడా చోటు లేదు. రోజూ పొద్దున బడి గంటకు ముందే దారం లాగి, డబ్బాతో సున్నం పోసి గీతలు గీసిన చోట కంకర కుప్పలు పడ్డాయి. పోల్స్ పీకి స్టోర్ రూములో పెట్టారు. ఖోఖో ఆడుతున్న అమ్మాయిలను సారు కబడ్డీకి మార్చారు, ఎందుకంటే వాళ్ల కోర్టుకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. పరుగులో పదునైన పిల్లలు పట్టు నేర్చుకోవడానికి చాలా అవస్థ పడ్డారు. ఆ పిల్లలే తర్వాత ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎంపికల దాకా వెళ్లారు. ఆ ఘనత సారుదీ, పిల్లలదీ. దాన్ని చూపించి 'చోటు తక్కువైనా ఆడుతున్నారుగా' అనడం అన్యాయం.

2025లో జీవో 117 రద్దయింది. చిన్న తరగతులు ప్రాథమిక బడికి తిరిగి వెళ్లాయి. వాళ్ల కోసం కట్టిన గదులు మాత్రం కోర్టు మీదే ఉన్నాయి, ఒకదానికి తాళం. ఇప్పుడు ముగ్గు పోసింది కబడ్డీ కోర్టు అంచున. అదీ పోతే క్యారమ్స్, చెస్ తప్ప ఏమీ మిగలవు.

ఆటస్థలం బడికి అలంకారం కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే అది ఉంది. పైగా ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచాక, టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు గాను 421 ఆ కోటాకే కేటాయించారు. ప్రభుత్వ బడి పిల్లలకు ఆ దారి మొదలయ్యేది ఇలాంటి మైదానంలోనే.

తల్లిదండ్రులు అడుగుతున్నది ఒక్కటే: తాళం వేసిన గదిలో కంప్యూటర్లు పెట్టండి. వైరింగ్ సరిపోదని ఇంజినీర్లు నోటిమాటగా చెప్పారు. అదే మాట కాగితం మీద రాసివ్వమని సారు అర్జీ పెట్టారు. జవాబు వచ్చేదాకా పునాది తవ్వనివ్వబోమని తల్లిదండ్రులు చెబుతున్నారు.