ఆపరేషన్ మధ్యలో ఒంట్లో విరిగిన పరికరం ముక్కను తీయాలా, వదిలేయాలా?

బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లకు లోపల రాడ్డు వేస్తారు, లేదా ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. స్క్రూ వెళ్లే దారి కోసం ముందుగా తొడ ఎముక తలలోకి గైడ్ వైరు అనే సన్నని తీగను దింపుతారు. ప్లేటు ఆపరేషన్‌లో దీని మందం మామూలుగా 2.5 మిల్లీమీటర్లు. దాని మీదుగా ఎముకను తొలిచే బోలు రీమర్ తిరుగుతూ దిగుతుంది. తీగ కాస్త వంగి ఉంటే చాలు, రీమర్ అంచు దాన్ని కొరికేస్తుంది. పదేపదే వాడిన తీగైతే లోహం ముందే అలసి ఉంటుంది.

తీగ విరిగిందని అనుమానం రాగానే బయటికొచ్చిన ముక్కను కొత్త తీగ పక్కన పెట్టి ఎంత తగ్గిందో చూస్తారు. తర్వాత సి-ఆర్మ్ ఎక్స్‌రేతో ముందు నుంచీ, పక్క నుంచీ వెతుకుతారు. ఒక్క వైపు నుంచే చూస్తే కీలులో ఉన్న ముక్క కూడా ఎముకలో ఉన్నట్టే కనిపించవచ్చు.

కీలులో ఉంటే తీయాల్సిందే, లేకపోతే మృదులాస్థిని గీరేస్తుంది. కొన్నిసార్లు ఎముక పొడి ఇరుక్కుని రీమర్ తీగను తనతోపాటు కటిలోకి నెట్టేస్తుంది. అక్కడ పెద్ద రక్తనాళాలు, మూత్రాశయం ఉంటాయి కాబట్టి ఆలస్యం కుదరదు. రీమర్ తొలిచిన దారిలోనే ముక్క ఉంటే మాత్రం అదృష్టమే. పొట్టకు చేసే కీహోల్ ఆపరేషన్ల పొడవాటి పట్టకారును అరువు తెచ్చుకుని లాగేసిన సర్జన్లున్నారు.

గట్టి ఎముకలో పూర్తిగా కూరుకుపోయిన, రంధ్రాలు వేసే డ్రిల్ బిట్ కొస సంగతి వేరు. తీయాలంటే చుట్టూ ఎముకను గొట్టపు రంపంతో తొలవాలి. అసలే గుల్లబారిన ఎముక, ఆపై స్క్రూకి పట్టూ తగ్గుతుంది. అలాంటప్పుడు వదిలేయడమే తెలివైన పనని నా అభిప్రాయం.

కాకపోతే లోహాలన్నీ ఒకటి కావు. ఇంప్లాంట్లకు వాడే 316ఎల్ స్టీలు అయస్కాంతానికి దాదాపు అంటదు. డ్రిల్ బిట్‌కు పదును నిలవాలని సాధారణంగా వాడే గట్టి స్టీలు అంటుకుంటుంది, తుప్పునూ అంతగా తట్టుకోదు. ఎంఆర్ఐలో అలాంటి ముక్క కదలవచ్చు, వేడెక్కవచ్చు. ఇలా లోపల మిగిలిన అన్ని రకాల వైద్య పరికరాల ముక్కల గురించి ఏటా దాదాపు 1000 ఫిర్యాదులు అందుతున్నాయని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2008లో హెచ్చరించింది. ముక్క ఏ లోహం, ఎంత పొడవు, ఎక్కడుంది అన్నవి రోగికి చెప్పాలని కూడా సూచించింది. డిశ్చార్జి కాగితంలో ఆ ఒక్క లైను లేకపోతే, ఎప్పుడో ఎంఆర్ఐ గది బయట అడిగినప్పుడు రోగి "తుంటిలో రాడ్డుందండీ" అని మాత్రమే చెబుతాడు.