మానవ హక్కుల కమిషన్ విచారణ: ఖర్చు ఎక్కడవుతోంది? అపోహలు - వాస్తవాలు

ఒడిశా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉండేది భువనేశ్వర్‌లో. మల్కనగిరి నుంచి అక్కడికి 600 కిలోమీటర్లకు పైనే. ఒక్క వాయిదాకి వెళ్లొస్తే రెండు మూడు రోజుల కూలి పోయినట్టే. రాయగడ, గుణుపురం వైపు తెలుగువాళ్లు ఫిర్యాదు చేయకుండా ఊరుకునేది చాలావరకు ఇందుకే. ప్రభుత్వానికీ ఖర్చే: ఎస్సై, డాక్టరు, ఫైలు మోసే క్లర్కు, ముగ్గురికీ టీఏ, డీఏ (ప్రయాణ, దినభత్యాలు).

అపోహ: విచారణ తేదీలు పెంచితే కేసులు త్వరగా తెగుతాయి.

వాస్తవం: తేదీలు పెరిగితే వాయిదాలు పెరుగుతాయి. వాయిదాకి కారణం చాలాసార్లు ఏదో ఒక కాగితం రాకపోవడమే. కస్టడీ మరణం ఫైలే చూడండి. శవపంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, దాని వీడియో, విసెరా (శవం లోపలి అవయవాల) పరీక్ష ఫలితం, మేజిస్ట్రేట్ విచారణ నివేదిక, జైల్లో చేరిన రోజు ఆరోగ్య పరీక్ష పత్రం కావాలి. విసెరా ఫలితం రాకముందే అందరినీ పిలిస్తే ఆ పూట హాజరు వేయించుకుని తిరిగి రావడమే.

తప్పు నోటీసులోనూ ఉంటుంది. ‘సమగ్ర నివేదిక పంపండి’ అని రాస్తే రెండు పేజీల సంజాయిషీ వస్తుంది. ఏ రిజిస్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరి సంతకంతో కావాలో వరస నంబర్లు వేసి అడగాలి. గడువులోగా పంపకపోతే 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం కమిషన్ తానే విచారణకు దిగవచ్చు. ఆ మాట నోటీసులోనే ఉంటే జవాబు కదులుతుంది.

అపోహ: సాక్షులంతా భువనేశ్వర్ రావాల్సిందే.

వాస్తవం: 13వ సెక్షన్ కింద సాక్ష్యాన్ని అఫిడవిట్‌గా తీసుకోవచ్చు. సాక్షిని ఉన్నచోటే విచారించే పని మరొకరికి అప్పగించనూవచ్చు. జిల్లా కేంద్రం నుంచి వీడియోలో మాట్లాడించేటట్టయితే ముందురోజే లైను చూసుకోవాలి, కాగితాలు వారం ముందే చేర్చాలి. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన దుబాసీని సాక్షి పక్కనే కూర్చోబెట్టాలి. అవతలి వైపు కూర్చోబెడితే లైను తెగిన ప్రతిసారీ సగం సాక్ష్యం గాల్లో కలుస్తుంది.

అపోహ: అసలు విచారణే లేకుండా కాగితాల మీద తేల్చేస్తే ఖర్చే ఉండదు.

వాస్తవం: పింఛను ఆగిందన్న ఫిర్యాదు వచ్చి, ఈలోగా బకాయి చెల్లిస్తే అలా ముగించవచ్చు. ఒక అధికారి ప్రవర్తన మీద తేల్చాల్సి వస్తే మాత్రం కుదరదు. 16వ సెక్షన్ ప్రకారం అతని మాట వినాలి. ఆ మెట్టు దాటేస్తే అతను హైకోర్టుకెళ్తాడు, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంతకన్నా ఖరీదైన పొదుపు ఉండదు!

అపోహ: ఫీజు, లాయరు తప్పవు, రాష్ట్ర, జాతీయ కమిషన్లు రెండింటికీ పంపితే మేలు.

వాస్తవం: ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు. కానీ రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్నదాన్ని అది విచారించదు. ఘటన జరిగి ఏడాది దాటితే 36వ సెక్షన్ అడ్డొస్తుంది.

ఒక జిల్లా ఫైళ్లన్నీ ఒకే రోజుకి వేస్తే ఎస్పీ ఆఫీసు నుంచి ఒక్క అధికారి వచ్చి అన్నింటికీ జవాబు చెప్పగలడు. ఫైళ్ల మీద జిల్లా పేరు పెద్దక్షరాల్లో రాసి విడిగా కట్టలు కడితే సగం పని అయినట్టే.