పుప్పొడి పెంకుపురుగు పంటకు చీడగా మారిన చరిత్ర

బెంగళూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీకేవీకే ప్రాంగణంలోనూ, హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలోనూ కీటకశాస్త్రంతో పరిచయం పెంచుకునే తెలుగు విద్యార్థులకు ఆవపంట చీడ అనగానే పేనుబంక గుర్తుకు వస్తుంది. యూరప్‌లో అదే కుటుంబానికి చెందిన రేప్‌సీడ్ అనే నూనెగింజల పంటను పీడించేది మూడు మిల్లీమీటర్లయినా ఉండని, నల్లగా మెరిసే పుప్పొడి పెంకుపురుగు.

కీటకశాస్త్రవేత్త ఫాబ్రీసియస్ 1775లో వర్ణించిన ఈ పురుగును చాలాకాలం మెలిగెతీస్ ప్రజాతిలోనే ఉంచారు. వందల జాతులతో నిండిన ఆ ప్రజాతిని 2009లో కీటకశాస్త్రవేత్త ఆడిజియో, ఆయన సహచరులు విభజించి, ఆవ కుటుంబపు మొక్కలపై బతికేవాటిని బ్రాసికోగెతీస్‌గా వేరుచేశారు. వీటిలో పంటకు ముప్పు తెచ్చేవి ఏనియస్, విరిడెసెన్స్ వంటి కొన్ని మాత్రమే. మిగిలిన జాతులూ ఉపజాతులూ చాలావరకు అడవి మొక్కల పూలతోనే సరిపెట్టుకుంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కనుక మగపురుగు జననాంగాలను సూక్ష్మదర్శినితో పరీక్షించనిదే చాలాసార్లు జాతి తేలదు. ఈ ఓపిక లేని చోట నిర్దోషులైన బంధువులపై కూడా చీడ ముద్ర పడుతుంది.

నిజానికి చీడపురుగు కూడా పూలు విచ్చుకున్నాక పెద్ద నష్టం చేయదు. పుప్పొడి కోసం పచ్చిమొగ్గను కొరికి తొలిచే దశలోనే మొగ్గలు రాలి, కాయలు తగ్గుతాయి. 1970ల తర్వాత నూనె నాణ్యత మెరుగైన రకాలతో రేప్‌సీడ్ సాగు విస్తరించింది, దానితో పురుగుకు ఆహారమూ పెరిగింది. చవకైన పైరిత్రాయిడ్ రకం పురుగుమందులను ఏటేటా చల్లడంతో, వాటిని తట్టుకునే పురుగులు 1999లో ఈశాన్య ఫ్రాన్స్‌లో బయటపడ్డాయి. 2006లో జర్మనీ రైతులు భారీగా నష్టపోయారు. మందును విరిచేసే ఎంజైములు ఆ పురుగుల్లో ఎక్కువగా తయారవుతున్నాయని తర్వాతి పరిశోధనలు చూపాయి.

నా దృష్టిలో ఈ చరిత్రలో ఎక్కువ బాధపెట్టేది వేరొకటి. టెర్సిలోకస్, ఫ్రాడిస్ అనే చిన్న కందిరీగలు ఈ పెంకుపురుగు పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని అదుపులో ఉంచుతాయి. పూతవేళ చల్లిన మందు వాటినీ చంపుతుంది, కోత తర్వాత లోతుగా దున్నితే నేలలో శీతాకాలం గడిపే వాటి సంతతి నశిస్తుంది. మొక్క కొన్ని మొగ్గలు పోయినా కొత్తవి వేసుకోగలదని గుర్తించిన బ్రిటన్ నిపుణులు మందు చల్లవలసిన హద్దును మొక్కల సాంద్రతను బట్టి మార్చారు: చదరపు మీటరుకు 30 కన్నా తక్కువ మొక్కలుంటే మొక్కకు 25 పురుగులు, 70 దాటితే 7 పురుగులు.