రన్నర్ ఎండ్ గీత ఎవరికోసం?

దాళ్వా కోతలు అయిపోయి కాలవలు కట్టేశాక, మళ్లీ నీళ్లు వదిలేదాకా కోనసీమలో ఖాళీ చేలన్నీ క్రికెట్ గ్రౌండ్లే. అలాంటి ఒక చేలో పోయిన వారం జరిగిన టోర్నీ ఫైనల్ గొడవ ఇంకా తెగలేదు. ఆఖరి ఓవర్లో రెండు బంతులకు నాలుగు పరుగులు కావాలి. బంతి వెయ్యడానికి వచ్చిన కుర్రాడు, రన్నర్ (బౌలర్ వైపు నిలబడే రెండో బ్యాటర్, నాన్ స్ట్రైకర్) అప్పటికే గీత దాటి రెండడుగులు ముందుకెళ్లిపోవడం చూసి వికెట్ పడగొట్టాడు, అప్పీల్ చేశాడు. అంపైర్ వేలెత్తాడు. అంతలో కమిటీ పెద్దలు గ్రౌండ్‌లోకి వచ్చి "ఇదేం ఆటండీ, ఒకసారి చెప్పి చూడాలి కదా" అని ఆ బంతినే లెక్కలోంచి తీసేశారు. తర్వాతి బంతి ఫోర్ వెళ్లింది. ఓడిన జట్టు రన్నరప్ కప్పు బల్ల మీదే వదిలేసి బైకులెక్కి వెళ్లిపోయింది. రూల్ గొప్పదా, క్రీడాస్ఫూర్తి గొప్పదా అని రెండు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజు నుంచీ అదే వాదన.

1947లో సిడ్నీలో మన బౌలర్ వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను ఇలా ఔట్ చేసిన కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. అందులో ఒక్క సంగతి మాత్రం ఇవాళ్టి గొడవకు పనికొస్తుంది. గీత దాటింది బ్రౌన్. పేరు పడింది మన్కడ్‌కు. అంతకుముందు మరో మ్యాచ్‌లో హెచ్చరించాకే మన్కడ్ ఆ పని మొదలుపెట్టాడు. అవతలి జట్టు కెప్టెన్ బ్రాడ్‌మనే అందులో తప్పేమీ లేదని తర్వాత రాశాడు. అయినా ఆ ఔట్‌ను 'మన్కడింగ్' అనే పిలిచారు, అదీ తిట్టులాగే. పెట్టాలనుకుంటే బ్రౌన్ పేరే పెట్టాలని సునీల్ గవాస్కర్ ఎప్పటినుంచో అంటున్నాడు. ఆయన మాట నిజం.

నా దృష్టిలో ఈ వివాదానికి అసలు మలుపు 1947 కాదు, 2017. ఆ సంవత్సరం ఏ పెద్ద మ్యాచ్‌లోనూ గొడవ జరగలేదు. ఒక పుస్తకంలో ఒక శీర్షిక మారింది, అంతే.

క్రికెట్ చట్టాలు రాసే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్, అంటే ఎంసీసీ, 2000లో తెచ్చిన చట్టాల్లో ఈ అంశం 42వ నిబంధన 15వ క్లాజులో ఉండేది. దాని శీర్షిక 'బంతి వెయ్యకముందే నాన్ స్ట్రైకర్‌ను రనౌట్ చెయ్యబోయే బౌలర్' అన్నట్టుగా ఉండేది. నిబంధన పేరేమో 'న్యాయమైన, అన్యాయమైన ఆట'. ఆ పేరు కింద ఈ శీర్షిక చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? అన్యాయం చేసేవాడు బౌలరే అనిపిస్తుంది. పైగా డెలివరీ స్ట్రైడ్‌లోకి, అంటే బంతి వేసే చివరి అంగలోకి, అడుగు పెట్టకముందే ఆ పని చెయ్యాలని షరతు. ఆ స్ట్రైడ్ బౌలర్ వెనక కాలు నేలకు ఆనినప్పుడు మొదలవుతుంది. అంటే బంతి ఇంకా చేతిలో ఉండగానే, కాలు ఆనిన ఆ క్షణం నుంచి రన్నర్ ఎంత దూరం వెళ్లినా అడిగేవాడు లేడు. బౌలర్ల చేతులు కట్టేసిన రూల్ అది. క్రికెట్ స్ఫూర్తి గురించిన ముందుమాట చట్టాల పుస్తకంలోకి వచ్చింది కూడా ఆ 2000 సంవత్సరంలోనే. రెండూ ఒకేసారి రావడంతో, రన్నర్ ముందుకెళ్లడం తెలివి, బౌలర్ ఔట్ చెయ్యడం మోసం అనే మాట ఒక తరం బుర్రలో నాటుకుపోయింది. మనం టీవీలో క్రికెట్ చూసి నేర్చుకున్నది ఆ తరం ఆటే.

2011లో ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్‌ల వరకు ఈ షరతు సడలించింది. అయినా రూల్ కంటే భయమే ఎక్కువ పనిచేసింది. 2012 ఫిబ్రవరిలో బ్రిస్బేన్‌లో శ్రీలంకతో వన్డేలో అశ్విన్ తిరిమన్నెను ఇలాగే ఔట్ చేసి అప్పీల్ చేశాడు. అంపైర్లు ఇద్దరూ మాట్లాడుకుని కెప్టెన్ సెహ్వాగ్‌ను అడిగారు. సెహ్వాగ్ సచిన్‌తో మాట్లాడి అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి తిరిమన్నె 44, చివరికి 62 చేశాడు. మ్యాచ్ మనం ఓడిపోయాం. రూల్ తనవైపు ఉన్నా సొంత కెప్టెనే వెనక్కి తగ్గితే ఆ కుర్ర బౌలర్ మనసులో ఏం మిగిలి ఉంటుంది? 2019లో జైపూర్‌లో అశ్విన్ చేసిన పనికి (ఆ సంగతి తర్వాత చెబుతాను) బీజం ఇక్కడే పడిందని నేను నమ్ముతాను.

2017 అక్టోబర్‌లో కొత్త చట్టాలొచ్చాయి. క్లాజు 41.16 అయింది. శీర్షిక 'నాన్ స్ట్రైకర్ ముందే గీత దాటడం' అని మారింది. బౌలర్ పేరు శీర్షికలోంచి పోయి రన్నర్ పేరు వచ్చింది. బౌలర్ మామూలుగా బంతి వదలాల్సిన క్షణం దాకా గీత లోపల ఉండాల్సిన బాధ్యత రన్నర్‌దేనని స్పష్టంగా చెప్పింది. హెచ్చరిక చెయ్యాలని అంతకుముందూ లేదు, అప్పుడూ పెట్టలేదు.

మా తాతగారు చేలో గట్టు గురించి చెప్పేవారు. పక్క చేను ఆయన ఏటా దుక్కి అప్పుడు గట్టును ఒక పార వెడల్పు చెక్కేవాడట. ఒక్క ఏడాదిలో ఎవరికీ కనపడదు. పదేళ్లకు గట్టు మీద మనిషి నడవలేడు. చివరికి తాతగారు తాడు పట్టించి కొలిపిస్తే, ఊళ్లో అందరూ తగువు పెట్టుకున్నాడని ఆయన్నే అన్నారు. రన్నర్ ఎండ్‌లో జరిగేదీ అచ్చం అదే. ప్రతి బంతికీ ఒక అడుగు ముందుగా కదిలితే ఎవరూ ఏమీ అనరు. ఆ అడుగుతోనే రెండో పరుగు వస్తుంది, రనౌట్ తప్పుతుంది. ఆఖరి ఓవర్లో ఎవరైనా కొలిచి పట్టుకుంటే, పట్టుకున్నవాడే చెడ్డవాడు.

మన టోర్నీల్లో ఇది ఇంకా ఎక్కువ. బ్యాటింగ్ చేసేవైపు మూడు వికెట్లు పాతి, రన్నర్ ఎండ్‌లో ఒక్క వికెట్‌తో సరిపెడతారు. లీగ్ మ్యాచ్‌ల్లో చాలాచోట్ల అంపైరింగ్ కూడా బ్యాటింగ్ జట్టువాళ్లే చేస్తారు. సున్నంతో గీసిన గీతను మాత్రం ఆ అంపైర్ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాడు, అదీ బౌలర్ కాలు కోసం. అరంగుళం దాటితే నోబాల్, పైన ఫ్రీ హిట్. ఈ బౌలర్‌కు 'ఒకసారి చెప్పి చూడండి' అని ఎవరూ అనరు. అదే గీతను అదే బంతికి రన్నర్ రెండడుగులు దాటితే మాత్రం ముందు హెచ్చరించాలట. ఒకే గీత, ఇద్దరికి రెండు న్యాయాలు. ఈ మాట అడిగిన కుర్రాళ్లకు ఇప్పటిదాకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

హెచ్చరిస్తే తగువు రాదనుకోవడం కూడా పొరపాటే. 1992 డిసెంబర్‌లో పోర్ట్ ఎలిజబెత్‌లో కపిల్ దేవ్ ముందే హెచ్చరించి మరీ దక్షిణాఫ్రికా బ్యాటర్ పీటర్ కిర్‌స్టెన్‌ను ఔట్ చేశాడు. అయినా పెద్ద గొడవే అయింది. నిర్ణయం మీద అసహనం చూపినందుకు జరిమానా పడింది కిర్‌స్టెన్‌కు.

2019 మార్చి 25న జైపూర్‌లో ఐపీఎల్ మ్యాచ్. రాజస్థాన్ 185 కొట్టాలి, బట్లర్ 69 మీద ఉన్నాడు. పంజాబ్ కెప్టెన్‌గా ఉన్న అశ్విన్ బంతి వెయ్యబోయి ఆగి బెయిల్స్ పడగొట్టాడు. రాజస్థాన్ 14 పరుగుల తేడాతో ఓడింది. రూల్ ప్రకారం సరైనదేనని మొదట చెప్పిన ఎంసీసీ, కొద్ది రోజుల్లోనే మాట మార్చింది. అశ్విన్ మరీ ఎక్కువసేపు ఆగాడు, అది స్ఫూర్తికి విరుద్ధమంది. రూల్ రాసినవాళ్లే రెండు మాటలు చెబితే ఊరి కమిటీని ఏమనగలం? అశ్విన్ మాత్రం ఒక్క మాట మీదే ఉన్నాడు. స్ఫూర్తి లేనివాడని వాళ్లన్న ఆ మనిషే 2021 జనవరిలో సిడ్నీలో నడుం నొప్పితో నిలబడలేకపోతూ, తొడ కండరం పట్టేసిన మన కాకినాడ కుర్రాడు హనుమ విహారితో కలిసి 259 బంతులు ఆడి టెస్ట్ మ్యాచ్ కాపాడాడు. ఆ రోజు విహారి 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. స్ఫూర్తి అంటే ఏమిటో ఆ స్కోరు కార్డులో ఉంది.

2022లో శీర్షికే కాదు, చోటూ మారింది. 41.16 క్లాజును 'అన్యాయమైన ఆట' లోంచి తీసి రనౌట్ నిబంధన 38లోకి మార్చారు. రూల్‌లోని మాటలు అవే, ఉన్న చోటు వేరు. అక్టోబర్ 1 నుంచి అమలు. సరిగ్గా వారం ముందు, సెప్టెంబర్ 24న, ఎంసీసీ సొంత గ్రౌండ్ లార్డ్స్‌లోనే దీప్తి శర్మ 47 మీదున్న ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్‌ను ఔట్ చేసింది. భారత్ 16 పరుగులతో గెలిచింది, సిరీస్ 3-0. ముందే చెప్పామని దీప్తి, చెప్పలేదని గాయంతో ఆ సిరీస్ ఆడని అప్పటి ఇంగ్లండ్ రెగ్యులర్ కెప్టెన్ హెదర్ నైట్. ఆ మాట నిజమో కాదో తేలలేదు కానీ, తేలాల్సిన అవసరమూ లేదు. వీడియో చూసి లెక్కపెట్టినవాళ్లకు ఆ ఇన్నింగ్స్‌లో డీన్ ముందే గీత దాటిన సార్లు 70 దాటాయి. ఈసారి ఎంసీసీ తడబడలేదు. అంపైర్ల నిర్ణయం సరైనదే, బంతి చెయ్యి వదిలేదాకా నాన్ స్ట్రైకర్లు గీత లోపలే ఉండాలని ప్రకటించింది.

అవతలివైపు వాదనలో బలం లేదని కాదు. 1987 ప్రపంచకప్‌లో లాహోర్‌లో ఆఖరి బంతికి కోట్నీ వాల్ష్ ముందుకెళ్లిన పాకిస్తాన్ బ్యాటర్ సలీం జాఫర్‌ను ఔట్ చెయ్యకుండా వదిలేశాడు. వెస్టిండీస్ ఒక్క వికెట్ తేడాతో ఓడి, సెమీస్‌కూ చేరలేదు. వాల్ష్‌ను అందరూ ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. 2023 జనవరిలో గువాహటిలో 98 మీదున్న శ్రీలంక బ్యాటర్ షనకను షమి ఔట్ చేస్తే రోహిత్ అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు. షనక సెంచరీ కొట్టాడు. ఇద్దరూ పెద్ద మనసు చూపించారు, కాదనను. కానీ ఆ నిర్ణయం ఎవరిది? వాల్ష్ చేతిలో బంతి ఉంది. రోహిత్ కెప్టెన్. చట్టంలోనే ఆ తలుపు ఉంది. అంపైర్ ఒప్పుకుంటే, బ్యాటర్ గ్రౌండ్ దాటకముందు ఫీల్డింగ్ కెప్టెన్ అప్పీల్ వెనక్కి తీసుకోవచ్చు. ఆ హక్కు ఇంకెవరికీ లేదు.

పోయిన వారం చేలో ఫీల్డింగ్ కెప్టెన్‌ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే వెనక్కి తీసుకునేవాడేమో కూడా. తన జట్టు తరఫున క్షమించే అవకాశాన్ని కూడా అతని చేతిలోంచి లాగేసుకున్నారు. ఎంట్రీ ఫీజు కట్టినప్పుడు అన్ని జట్లకూ ఇచ్చిన జిరాక్స్ కాగితం నేను చూశాను. ఎల్బీడబ్ల్యూ లేదు, బంతి చెట్టుకు తగిలితే రెండు పరుగులు, చివరి వరుసలో 'అంపైర్‌దే తుది నిర్ణయం'. రన్నర్ గురించి ఒక్క ముక్క లేదు. అంపైర్ మాత్రం వేలెత్తాడు, దాన్ని దించింది బయటివాళ్లు.

ఆదివారం రెండు జట్లనూ కూర్చోబెట్టి మాట్లాడతామని కమిటీ చెబుతోంది. మళ్లీ మ్యాచ్ పెడతారా, కప్పు ఇద్దరికీ పంచుతారా అని పెద్దవాళ్లు ఆలోచిస్తున్నారు. వికెట్ పడగొట్టిన కుర్రాడు మాత్రం కప్పు మాట ఎత్తలేదు. వచ్చే ఏడాది రన్నర్ ఎండ్‌లోనూ మూడు వికెట్లు పాతాలని, అంపైర్ మూడో ఊరివాడై ఉండాలని అడగబోతున్నానని నాతో అన్నాడు. "వికెట్లకి డబ్బులు మేమే ఇస్తామండీ" అన్నాడు.