స్థానిక సంస్థల ఉద్యోగుల తొలగింపు: ఏ గడప తొక్కాలన్న ప్రశ్న

1949లో బెంగాల్‌లోని బజ్‌బజ్ మున్సిపాలిటీ తన హెడ్ క్లర్కునూ, శానిటరీ ఇన్‌స్పెక్టరునూ నిర్లక్ష్యం, అవిధేయత ఆరోపణలపై తొలగించింది. కార్మిక సంఘం వివాదం లేవనెత్తగా, విచారించిన పారిశ్రామిక ట్రిబ్యునల్ అది కక్షసాధింపేనని తేల్చి, ఇద్దరినీ తిరిగి తీసుకోమని ఆదేశించింది. ఊరి పారిశుద్ధ్యం చూసే సంస్థకు పరిశ్రమల చట్టంతో పనేమిటని మున్సిపాలిటీ పైకోర్టులకు వెళ్లింది. 1952 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

ఆ తీర్పు విలువ తెలియాలంటే రాజ్యాంగంలోని 311వ అధికరణను చూడాలి. ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, సంజాయిషీ వినకుండా తొలగించరాదన్న రక్షణ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సివిల్ పోస్టుల్లో ఉన్నవారికే దక్కుతుంది. మున్సిపాలిటీయే సొంతంగా నియమించుకున్న వ్యక్తి ఎన్నేళ్లు పనిచేసినా ఆ పరిధిలోకి రాడు. అలాంటివారికి కార్మిక చట్టమే ప్రధానమైన అండ అయింది. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు 1960లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నాగ్‌పూర్ కార్పొరేషన్ కేసులో రాసిన తీర్పు, పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం, అగ్నిమాపకం వంటి విభాగాలనూ పరిశ్రమగానే గుర్తించి, ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది. పంచాయతీల సంగతి వేరు: గుజరాత్ పంచాయతీ సర్వీసు ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులేనని 1983లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి రాసిన తీర్పు స్పష్టం చేసింది.

పర్మినెంటు ఉద్యోగికి ఏదో ఒక రక్షణ ఉంది. మస్టర్ రోలులో వేలిముద్ర వేసే దినకూలీ పరిస్థితే అసలైన కష్టం. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారిని తొలగించాలంటే నెల నోటీసు గానీ నెల జీతం గానీ, దానితో పాటు సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. అయితే 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, నియామక నిబంధనలు పాటించకుండా చేర్చుకున్నవారికి క్రమబద్ధీకరణ హక్కు లేదని తేల్చింది. తొలగింపును సమర్థించుకోవడానికి కూడా ఆ తీర్పునే అడ్డుపెట్టుకోవడం సంస్థలకు అలవాటైంది. నా దృష్టిలో అది ఆ తీర్పుకు తప్పుడు వినియోగమే.

ఘాజియాబాద్ నగర నిగమ్ తోటమాలుల కేసులో జరిగింది అదే. 1998, 1999 నుంచి పనిచేస్తున్నవారిని 2005లో, వివాదం రాజీ ప్రక్రియలో ఉండగానే, నోటీసూ పరిహారమూ లేకుండా తీసేశారు. వారు కాంట్రాక్టరు మనుషులని నిగమ్ వాదించింది గానీ ఆధారాలు చూపలేకపోయింది. 2025 జనవరి 31న సుప్రీంకోర్టు వారిని తిరిగి విధుల్లోకి తీసుకోవాలనీ, బకాయి వేతనంలో సగం చెల్లించాలనీ, క్రమబద్ధీకరణ ప్రక్రియ మొదలుపెట్టాలనీ ఆదేశించింది. అప్పటికి వారిని తొలగించి దాదాపు 20 ఏళ్లయింది.