అమ్మమ్మ ఏదీ పూర్తి చేయలేదా?

పిల్లలూ,

"ముందు గుండెజబ్బులన్నావు, తర్వాత బీపీ కొలతలన్నావు, ఇప్పుడేమో జనం మాత్రలు ఎందుకు మానేస్తారో అంటున్నావు. ఏదీ పూర్తి చేయలేదా అమ్మమ్మా?" అని మొన్న ఫోన్లో పెద్దాడు నిలదీశాడు. నవ్వొచ్చింది, కాస్త రోషమూ వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

పరిశోధనలో చేరిన కొత్తలో నా పని, బీపీ ఎక్కువున్నవాళ్లలో ఎందరికి గుండెజబ్బు వస్తుందో లెక్క తేల్చడం. ఒక మధ్యాహ్నం రిజిస్టరులో వేలు పెట్టి కిందికి దిగుతున్నాను. 130, 120, 140, మళ్లీ 130. దాదాపు అన్నిటి చివరా సున్నాలే! పాదరసం మిషన్ మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి. మరి 124, 136 ఏమైనట్టు? కొలిచినవాళ్లు దగ్గర్లోని పదికి సర్దేశారు. అందులో కొన్ని నా చేతిరాతే.

ఆ సిగ్గుతోనే కొలతల్లో పడ్డాను. చేతికి చుట్టే పట్టీ చిన్నదైనా, చెయ్యి కిందికి వేలాడినా, మాట్లాడుతూ కూర్చున్నా అంకె పెరిగిపోతుంది. ఇవన్నీ సరిచేశాక ఇంకో చిక్కు: మందు రాసినా చాలామందికి బీపీ దిగడం లేదు. ఒకావిడను అడిగితే, "నాకే నొప్పీ లేదు కదమ్మా, ఎందుకు మింగాలి?" అంది. బీపీ పెరిగినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు మరి. ఆమెకు చెప్పడానికి నా దగ్గర లెక్కలున్నాయి గానీ జవాబు లేదు.

రిచర్డ్ డాల్ అని ఓ బ్రిటిష్ డాక్టరు ఉండేవాడు. మొదట కడుపులో పుండ్ల మీద పనిచేశాడు. తర్వాత బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడితో కలిసి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందో వెతికాడు. తారురోడ్లు గానీ, కార్ల పొగ గానీ కారణమనుకున్నాడు. రోగుల్ని అడుగుతూ పోతే సిగరెట్ తేలింది. 1950లో ఆ సంగతి అచ్చయ్యేలోపే తన సిగరెట్లు మానేశాడు. 1955 నాటికి ఆస్బెస్టాస్ కార్మికుల క్యాన్సర్ గురించి రాశాడు. ఆయన్ని మీ అన్నయ్య ఏమంటాడో!

నా మార్పులన్నీ ఇంత ముచ్చటైనవేం కావులెండి. ఒకసారి గ్రాంటు ఆగిపోయి మారాను, ఒకసారి పైఅధికారితో పడక.

ఇవాళ మంగళవారం. మీ తాతయ్య మాత్రల డబ్బాలో ఆదివారం గడి ఇంకా నిండుగానే ఉంది. తిట్టకుండా ఎలా అడగాలా అని చూస్తున్నాను.

మీ అమ్మమ్మ